ఇంట్లోకి ఎనిమిది పోర్టుల స్విచ్

3వ తేదీ, సోమవారం

మా ఆవిడ ఇంటికొచ్చింది. శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కే రాక కాదు, నెలాఖరుదాకా ఉండే రాక. ఆఫీసువాళ్ళు ట్రయల్ ఇచ్చారు. ఇంట్లో ఇంటర్నెట్ లైను గట్టిగా నిలబడితే ఇక ఇక్కణ్ణించే పని చేసుకోవచ్చట. నిలబడకపోతే మళ్ళీ ఆ ఊరు, ఆ అద్దె గది.

నాకేం. నాలుగేళ్ళుగా అలవాటైపోయింది. ఆవిడకి ప్రయాణపు బడలిక తప్పుతుంది కదా అని, అంతే.

ఆవిడ పని గురించి ఎన్నోసార్లు విన్నాను గానీ కళ్ళారా చూడటం ఇవాళే. వినపడనివాళ్ళు వీడియోలో కనపడి చేతులతో మాట్లాడతారు. ఈవిడ అది చూసి, ఫోన్లో ఉన్న అవతలి మనిషికి నోటితో చెబుతుంది. ఆ మనిషి అన్నది మళ్ళీ చేతులతో ఇటు చెబుతుంది. ఇవాళ ఒకాయన డాక్టరుతో మాట్లాడుతూ నొప్పి ఎక్కడో చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వీడియో ఆగిపోయింది. చెయ్యి ఛాతీ మీదికి పోతోందో పొట్ట మీదికి పోతోందో తెలియకుండా గాల్లో నిలబడిపోయింది. బొమ్మ మళ్ళీ కదిలేదాకా ఈవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఈ గోడల్లో వైఫై పనికిరాదండీ. తీగ లాగాల్సిందే. ఆఫీసు కంప్యూటరుకొకటి, వీడియో ఫోనుకొకటి," అంది.

ఇంటర్నెట్ లైను పెట్టె వీధి గుమ్మం పక్కన అల్మరాలో ఉంది. దానికి తీగ గుచ్చే పోర్టు ఒక్కటే ఉంది. కాబట్టి స్విచ్ కావాలి. అంటే ఒక తీగ లోపలికి తీసుకుని నలుగురికీ పంచిపెట్టే చిన్న పెట్టె.

"సాయంత్రం అలా వెళ్ళి ఒకటి పట్టుకొచ్చెయ్యండి."

ముప్ఫై ఏళ్ళు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. మొదటి తనిఖీలో ఏ లిఫ్టునీ పాస్ చెయ్యలేదని పేరు మోసినవాణ్ణి. అలా వెళ్ళి పట్టుకొచ్చేస్తానా?

4వ తేదీ

పట్టుకురాలేదు. అధ్యయనం మొదలుపెట్టాను.

6వ తేదీ, గురువారం

ఐదు పోర్టులదా, ఎనిమిది పోర్టులదా?

లెక్క తేలికే. లైను పెట్టె నుంచి వచ్చే తీగ ఒకటి. ఆవిడవి రెండు. నా పాత కంప్యూటరు, టీవీ. ఐదు. సరిగ్గా ఐదు. అక్కడే నాకు చెమట పట్టింది. ఐదుగురు పట్టే లిఫ్టులో ఐదుగురూ ఎక్కితే రూలు ప్రకారం తప్పేం లేదు, కానీ అందులో నేను మాత్రం ఎక్కను. మెట్ల మీద పోతాను.

పోనీ ఎనిమిదైతే? మూడు ఖాళీగా ఉంటాయి. ఖాళీవాటిలోకి దుమ్ము పోతుంది. దుమ్ము పోకుండా మూతలు దొరుకుతాయట. మూతల్లో మళ్ళీ రెండు రకాలట.

ఆవిడ టీ తెచ్చింది. "తేలిందా?"

"ఏ నిర్ణయమైనా తొందరపడి తీసుకుంటే..." అని మొదలుపెట్టాను. టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మిగతా వాక్యం గోడకి చెప్పుకున్నాను.

8వ తేదీ, శనివారం

కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. షాపాయన రెండు పెట్టెలు బల్ల మీద పెట్టి, "ఎక్కడికి సార్, ఇంటికా ఆఫీసుకా?" అన్నాడు.

"ఇంటికే. కానీ ఆఫీసు పని."

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం," అన్నాను. నాలుగేళ్ళుగా గ్యాసువాడు అడిగినా, జనాభా లెక్కలవాళ్ళు అడిగినా, "ప్రస్తుతానికి నేనొక్కణ్ణే" అని చెప్పడం అలవాటు.

"అయితే ఇది చాలు సార్," అని ఐదుదాన్ని ముందుకి తోశాడు.

ఎండాకాలం ఎంత వేడి తట్టుకుంటుందన్నాను. తట్టుకుంటుందన్నాడు. ఎంత అన్నాను. పెట్టె తిప్పి చూసి చెప్పాడు. అది ఎవరు పరీక్షించారన్నాను. కంపెనీవాళ్ళన్నాడు. తమ సరుకుని తామే పరీక్షించుకుంటే దాన్ని పరీక్ష అంటారా అన్నాను. ఆయన నాకో స్టూలు వేసి, నన్ను దాటుకుని ముగ్గురికి సరుకమ్మాడు. స్టూలు బాగుంది. కొంచెం ఊగుతోంది, ఆ మాట కూడా ఆయనకి చెప్పి వచ్చాను.

వట్టి చేతులతో ఇంటికొస్తే ఆవిడ నా చేతుల వంక చూసి, మొహం వంక చూడకుండా లోపలికి పోయింది.

10వ తేదీ, సోమవారం

ఇవాళ ఆవిడ వీడియో రెండుసార్లు ఆగిందట. ఆ టైములో నేను లోపల చిన్న ఫ్యాను ఉన్న స్విచ్‌లు మంచివా, లేనివి మంచివా అని వీడియోలు చూస్తున్నాను. నావి ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రానికి ఆవిడే కనిపెట్టింది, ఉన్న కాస్త లైనూ నా వీడియోలే తాగేస్తున్నాయని.

12వ తేదీ, బుధవారం

ఇల్లు ఇరుకైపోయింది. అద్దం దగ్గర దువ్వెన, తీగ మీద తువ్వాళ్ళు, గుమ్మం దగ్గర రెండో జత చెప్పులు. ఆ చెప్పులు అడ్డమొచ్చి తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. రోజుకి పదిసార్లు వాటిని దాటుకుని వెళ్తున్నాను. జరపలేదు.

13వ తేదీ, గురువారం

బావమరిది ఫోన్ చేశాడు. వాడికి ఈ తీగల విద్య కొంత తెలుసు.

"బావగారూ, మీరింకా స్విచ్ దగ్గరే ఉన్నారా?"

"వెనక్కి వెళ్ళాను. ఇప్పుడు తీగల దగ్గరున్నాను," అన్నాను.

"మామూలుది కొని తగిలించండి, దానంతటదే పనిచేస్తుంది. సెట్టింగులు పెట్టుకునే రకమైతే కొన్ని రక్షణలుంటాయనుకోండి. ఎవరైనా తీగని తిప్పి మళ్ళీ దానికే..."

"అది సరే, ఫ్యాను సంగతి చెప్పు," అని మధ్యలో అడ్డుకున్నాను. పాపం, వాడికి ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు.

14వ తేదీ, శుక్రవారం

వినకూడదనే అనుకున్నాను. వంటింట్లో నీళ్ళు తాగుతున్నాను, ఆవిడ గదిలోంచి తమ్ముడితో మాట్లాడుతోంది.

"ఆయనకి చేతకాక కాదురా. ముప్ఫై ఏళ్ళూ మోటార్లూ తీగలే కదా. కావాలనే నాన్చుతున్నారేమోననిపిస్తోంది. ఒక్కరే ఉండటం అలవాటైపోయింది. నేనొచ్చి అడ్డం పడ్డట్టున్నాను."

గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాను. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలనుకున్నాను. వెళ్ళాను. ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. ఏదో చెబుతాననే చూసింది.

"ఇనుప బాడీ ఉన్నదే తీసుకుందాం, వేడి బాగా తట్టుకుంటుందట," అని చెప్పి వచ్చేశాను.

15వ తేదీ

చెప్పాల్సిన ఆ ఒక్క మాట ఏమిటో నాకు తెలుసు. ఎవరూ చూడని ఈ డైరీలో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అదీ ఇన్‌స్పెక్టరుగారి ధైర్యం.

17వ తేదీ, సోమవారం

కొన్నాను! ఎనిమిది పోర్టులు, ఇనుప బాడీ, ఫ్యాను లేదు. మూతలు రెండు రకాలూ కొన్నాను.

వెంటనే తగిలించెయ్యడానికి నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ముందు ఖాళీగా కరెంటిచ్చి బల్ల మీద పెట్టాను. గంటకోసారి చెయ్యి పెట్టి వేడి చూస్తున్నాను. ఆవిడ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"దానికేమన్నా జ్వరమా?"

"లేదు. ఇప్పటిదాకా మామూలుగానే ఉంది."

"నాకొచ్చేలా ఉంది," అని వెళ్ళిపోయింది.

20వ తేదీ, గురువారం

ఇంక ఊరుకునేది లేదని తనే మంచం కింద నుంచి తీగలు లాగడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు పౌరుషం వచ్చి సుత్తి పట్టుకున్నాను. గోడవారగా తీగలు పరిచి మేకులు కొట్టాం. ఆవిడ పట్టుకుంటే నేను కొట్టాను. ఎంతకాలమైందో ఇద్దరం కలిసి ఒక పని చేసి. మధ్యలో నా వేలి మీద ఒక దెబ్బ పడింది. ఆవిడ నా వేలు తన నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. నొప్పి తగ్గాక కూడా కాసేపు తగ్గలేదనే చెప్పాను.

మధ్యాహ్నం నుంచి వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు. తలుపు సందులోంచి చూశాను. తెర మీద ఒక ముసలావిడ చేతులు నీళ్ళలా కదులుతున్నాయి. మా ఆవిడ నవ్వుతూ వాటికి జవాబు చెబుతోంది.

"ఎలా ఉందండీ, పాస్ చేసినట్టేనా?" అంది సాయంత్రం.

"తాత్కాలిక అనుమతి ఇచ్చాను," అన్నాను.

23వ తేదీ, ఆదివారం

రేపు పదకొండింటికి ఆవిడ సూపర్‌వైజరు అటునుంచి లైనులోకొచ్చి ఒక అరగంట పని చూస్తుందట. ఆ అరగంటా లైను నిలబడితే ఆవిడ ఇక ఇక్కడే. ఆ టైముకి లైను లేకపోతే ట్రయల్ రద్దు.

స్విచ్ బాగానే ఉంది. కానీ మూడు పోర్టుల్లో దీపాలు వెలగడం లేదు. తీగలు లేవు కాబట్టి వెలగవు, నాకూ తెలుసు. అయినా మనసులో పీకుతూనే ఉంది.

24వ తేదీ, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకల్లా ఆవిడ తయారైంది. చేతులు స్పష్టంగా కనపడాలని ముదురు రంగు సాదా బట్టలు కట్టుకుంది. తల దువ్వుకుంటూ ఉంటే నేను చివరిసారి ఒక్క చూపు చూసొద్దామని అల్మరా తెరిచాను. ఐదు దీపాలు వెలుగుతున్నాయి, మూడు లేవు.

ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ నడిపించి సర్టిఫికెట్టు ఇచ్చే రకం కాదు నేను. ఇసుక బస్తాలేసి, పూర్తి బరువుతో నడిపి చూసేవాణ్ణి. మరి ఈ మూడింటికీ బరువేది? తగిలించడానికి ఇంట్లో ఇంకే యంత్రమూ లేదు. మిగిలిపోయిన పొట్టి తీగ ఒకటి కనపడింది. ఒక చివర ఆరో పోర్టులో గుచ్చాను. రెండో చివర ఊరికే ఎందుకు వేలాడాలని ఏడో పోర్టులో గుచ్చాను.

ఏడు దీపాలూ ఒక్కసారి మిలమిలా కొట్టుకున్నాయి. అంత హుషారుగా వాటినెప్పుడూ చూడలేదు. బరువు బ్రహ్మాండంగా ఎత్తుకుందనుకున్నాను. పూర్తి బరువు పరీక్ష కనీసం అరగంట నడవాలి కాబట్టి తీగ అలాగే ఉంచి, అల్మరా మూసి, ఆవిడ పనికి అడ్డం రాకూడదని బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. పెద్దమనిషిని కదా.

లోపలినుంచి ఆవిడ గొంతు వినపడుతోంది. "హలో, కనపడుతున్నానా? ఇప్పుడు? నేనేనండీ, వినపడుతోందా?" ఎవరో పాపం మరీ చాదస్తపు మనిషి దొరికినట్టున్నారు, ఈవిడ ఎంత ఓపికగా చెబుతోందో అనుకున్నాను. ఎదురింటావిడ తలుపు గట్టిగా వేస్తే, వేలు పెదవుల మీద పెట్టి కళ్ళెర్రజేశాను. లోపల గొంతు పెరిగింది, ఏదో జరిపిన చప్పుడయింది, మళ్ళీ "హలో" అంది. నేను మాత్రం కదల్లేదు. క్రమశిక్షణ అంటే అది.

తలుపు తెరుచుకుంది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లైను లేదు. కంప్యూటరూ లేదు, వీడియో ఫోనూ లేదు, ఏదీ లేదు."

నేను నోరు తెరిచేలోగానే తిన్నగా వెళ్ళి అల్మరా తీసింది. పొట్టి తీగ వంక చూసింది. దాని ఒక చివర వెంబడి వేలు పెట్టి రెండో చివరదాకా వచ్చింది.

"ఇదేంటి?"

"పూర్తి బరువు పరీక్ష."

పీకి పారేసింది. దీపాలు శాంతించాయి. లైను వచ్చింది. సూపర్‌వైజరు అప్పటికే వెళ్ళిపోయింది.

ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నేనిక్కడ ఉండటం మీకిష్టం లేకపోతే ఆ మాట మొదటిరోజే అనాల్సింది. ట్రయల్ మానేసేదాన్ని. ఇంత పని చెయ్యక్కర్లేదు."

దానికి నేనేమన్నానో రాసుకోకపోతే నాకు బుద్ధి రాదు. "ఏడు పోర్టులకే చేతులెత్తేస్తే ఇది ఎనిమిది పోర్టులదెలా అవుతుంది?" అన్నాను.

అక్షరాలా ఇదే అన్నాను.

25వ తేదీ

ఇంట్లో మాటల్లేవు. మానేసింది ఆవిడ కాదు, నేను. నోరు తెరిస్తే మళ్ళీ పోర్టుల సంగతే వస్తుందని భయం.

27వ తేదీ, గురువారం

ఉత్తర్వు వచ్చింది. ట్రయల్ రద్దు. సోమవారం నుంచి మళ్ళీ ఆ ఊళ్ళో ఆఫీసుకి రావాలి. ఇంకో అవకాశం ఉంటే వచ్చే ఏడాది. ఆవిడ ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళ పొరపాటని బతిమాలింది. అందరూ అలాగే చెబుతారండీ అన్నారట.

బావమరిది నాకు ఫోన్ చేసి, ఆ రోజు నేను చెప్పనివ్వని మాట చివరిదాకా చెప్పాడు. తీగ రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో గుచ్చితే, లోపలికొచ్చిన మాట బయటికి పోకుండా అందులోనే గుండ్రంగా తిరుగుతూ, తిరిగినకొద్దీ పెరిగి, ఇంక ఎవరి మాటనీ పోనివ్వదట. వాడు స్విచ్ గురించే చెప్పాడని నమ్ముతున్నాను.

29వ తేదీ, శనివారం

సంచి సర్దుకుంటోంది. నేను చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"రోజంతా ఒక్కరూ ఇక్కడ ఏం చేస్తుంటారండీ?" అని అడిగింది. కోపంగా కాదు, ఊరికే తెలుసుకుందామన్నట్టు.

పొద్దున్నే పేపరు చదువుతానన్నాను. మొక్కలకి నీళ్ళు పోస్తానన్నాను. తలుపుల గొళ్ళేలు చూస్తానన్నాను. తర్వాత మళ్ళీ పేపరు అన్నాను. మధ్యాహ్నందాకా కూడా రాలేకపోయాను. ఆవిడ చీరలు మడత పెట్టుకుంది.

రిటైరై ఎనిమిదో నెల. ఇల్లు చూసుకోవాలి, ఇల్లు చూసుకోవాలి అంటూ వచ్చాను. రెండు గదులూ ఒక బాల్కనీ, ఎటూ పోవు. ఆవిణ్ణి ఇక్కడికి రప్పించడానికి ఎన్ని లెక్కలు వేశాను, ఎన్ని పెట్టెలు తిరగేశాను! నేనే అక్కడికి వెళ్తే పోయేదని ఈ బుర్రకి ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా అబద్ధమే. తట్టింది. రమ్మని ఆవిడ అనలేదు కదా అని బిగుసుకుని కూర్చున్నాను.

రేపు చెప్పాలి.

1వ తేదీ, సోమవారం

డైరీ ఇంట్లోనే ఉండిపోయింది. ఇది ఆవిడ ఆఫీసు ప్యాడ్‌లోంచి చింపిన కాగితం.

నిన్న పొద్దున్నంతా చెప్పలేకపోయాను. దారిలోనూ చెప్పలేకపోయాను. ఎప్పటిలాగే సంచి మోసుకుంటూ బస్టాండుకి వెళ్ళాను. ఎప్పటిలాగే కిటికీ సీటు చూసి, సంచి పైన పెట్టాను. ఎప్పటిలాగే దిగాలి. దిగలేదు. పక్క సీట్లో కూర్చున్నాను.

"బస్సు కదులుతోంది, దిగండి."

"నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. "అలవాటైపోయిందని అందరికీ చెబుతాను గానీ ఏమీ అలవాటు కాలేదు. నువ్వు ఉండిపోవాలనే ఆ దిక్కుమాలిన పెట్టె కోసం నెలంతా కొట్టుకుచచ్చాను. ఎక్కడ తప్పు పడితే నువ్వు వెళ్ళిపోతావోనని భయపడి, ఆ తప్పేదో నేనే చేసి పెట్టాను. నీతో వస్తాను."

కండక్టరు వచ్చి, "దిగుతారా, ఉంటారా సార్?" అన్నాడు.

ఆవిడ నన్నే చూస్తోంది. "బట్టలేవీ?"

"తేలేదు."

"బీపీ మాత్రలు?"

"అవీ తేలేదు."

"గొళ్ళెం పడిందో లేదో పదిసార్లు చూసుకునే మనిషి!" అంది. నవ్వబోయి ఏడ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ మాట నెల కిందట అనడానికేమొచ్చింది మీకు? రిటైరైన రోజునుంచీ చూస్తున్నాను, వస్తానంటారేమోనని. నేనడిగితే మొహమాటానికి వస్తారని అడగలేదు," అంది. కండక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. ఆవిడే అతనికి రెండు టిక్కెట్లని చెప్పింది.

గది చిన్నది. మంచం ఒకళ్ళకే సరిపోతుంది. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు, దాని జోలికి వెళ్ళలేదు. పొద్దున్న నిన్నటి చొక్కాతోనే వరండా కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటుంటే గది అద్దెకిచ్చిన ఇంటావిడ మేడ దిగొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆవిడ భర్తగారా? చుట్టపుచూపుగా వచ్చారా? ఎన్నాళ్ళుంటారు?"

నోటినిండా నురగ. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఆలోచించుకుంటున్నాను. ఈలోగా ఆఫీసుకి తల దువ్వుకుంటున్న మా ఆవిడ గదిలోంచే కేకేసింది.

"చుట్టపుచూపు కాదండీ. ఉండటానికే వచ్చారు."

నేను ఆ నురగతోనే గట్టిగా తలూపాను.